ఏడో కడియం

పోయిన వారం ఐలేశాన్ని నందికొండలోని రేకుల షెడ్డు ముందు జీపెక్కించి వదిలాం. ఎక్కడికి పోతున్నాడో కాపలా మనిషికి చెప్పాడు గానీ, ఎందుకు పోతున్నాడో తనకు తానే చెప్పుకోలేదు. పైకి చెప్పిన కారణానికి వంక పెట్టేందుకు లేదు. జీపు వెనకాల జల్లెడంత రాగి కడియాలు మూడున్నాయి. కరెంటు పక్కకు పాకకుండా వాటికి నూలు పట్టీ చుట్టించాలి. తిరుమలగిరిలో ఉన్న తల్లి బీరమ్మ కంటే బిగువుగా చుట్టే చేతులు ఈ చుట్టుపక్కల లేవు. చెప్పుకోని కారణం వేరే ఉంది. ఆ రోజు పదకొండు గంటలకు అహ్మద్ అలీ అదే షెడ్డుకు వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ వేళకు ఆ మనిషి ముఖం చూసే ధైర్యం ఐలేశానికి లేదు.

కథను నడుమన అందుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. ఐలేశం గొర్ల కాపరి గుర్వయ్య కొడుకు. మంద వెనక నడవాల్సిన కాళ్ళు బడి దారి పట్టాయి. హైదరాబాదులో ఇంజనీరింగు, ఆ తరవాత ఇంగ్లండు సీమలో రెండేళ్ళ పరిశోధన. సూర్యుడి కడుపులో జరిగే పనిని భూమ్మీద చేయించడం అతను ఎంచుకున్న చదువు. నీళ్ళలోంచి తీసిన హైడ్రోజన్ వాయువును కోట్ల డిగ్రీలకు వేడెక్కిస్తే దాని పరమాణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అంతులేని శక్తినిస్తాయి. చిక్కల్లా అంత వేడిని పట్టి ఉంచే కుండ లోకంలో లేకపోవడమే. అందుకని ఉంగరంలాంటి గాజు గొట్టం చేసి, దాని చుట్టూ పదహారు రాగి కడియాలు తొడిగి, వాటిలోకి ఒక్కసారిగా కరెంటు వదులుతారు. అప్పుడు పుట్టిన అయస్కాంత బలం ఆ వాయువును గోడకు తగలనీయకుండా నడుమనే నిలబెట్టాలి. కొడుకు ఇదంతా విడమరిచి చెప్పినప్పుడు బీరమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "దొడ్డి లేకుంట మందను ఆపుడన్నట్టు. గట్లయితే కుక్కలు మంచియి గావాలె." ఐలేశం ఆ మాటను ఢిల్లీలో పెద్దల ముందు ఇంగ్లీషులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. అది ఎవరి మాటో మాత్రం చెప్పలేదు.

పోయిన శ్రావణంలో, నందికొండ షెడ్డులో ఐలేశం కట్టిన మిషన్‌ను ఆ పెద్దలే చూడవచ్చిన రోజున, ఏడో కడియం పేలింది. మీట దగ్గర నిలబడ్డ మేస్త్రీ అహ్మద్ అలీ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. తరవాత విచారణ వేశారు. లెక్క తప్పని తేలితే మిషన్‌ను మూసేస్తారు, మనిషి తప్పని తేలితే మనిషిని మారుస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఐలేశం మనిషి తప్పని రాశాడు. అహ్మద్ అలీ కొలువు పోయింది. ఇప్పుడు రెండో మిషన్ మంజూరు కావాలంటే, ఆ తప్పు తనదేనని అహ్మద్ అలీ ఒప్పుకున్న కాగితం కావాలన్నారు పైవాళ్ళు. అహ్మద్ అలీ ఉంటున్న అచ్చంపేటకు ఐలేశమే ఉత్తరం రాసి అతన్ని రమ్మన్నాడు. సంతకం పెడితే గోదాములో ఏదైనా పని ఇప్పిస్తానని కూడా అందులో రాశాడు. ఉపకారం చేస్తున్నాననుకునే రాశాడు, పాపం.

జీపు తిరుమలగిరి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. మార్గశిరపు చలి వేళ్ళను కొరుకుతోంది. ఇంటి ముందు జాగాలో రెండు గుంజల నడుమ గొంగడి పడుగు సాగదీసి ఉంది. నల్లటి ఉన్ని దారాలు వరసగా బిగిసి ఉంటే, బీరమ్మ ఒక కొసనుంచి కుంచెతో గంజి పూసుకుంటూ వస్తోంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన గంజి అది. అది పట్టనిదే దారం బిగువెక్కదు, మగ్గం మీద నిలవదు. కురుమ ఇంట్లో పుట్టిన పిల్లలు తల్లి పాల వాసన తరవాత ఎరిగేది ఆ గంజి వాసనే. ఐలేశానికి ఇరవై ఏళ్ళుగా అది తగిలినా తగిలినట్టు ఉండేది కాదు.

గుర్వయ్య మందను తోలుకుని నల్లమల దిక్కు పోయి పదిహేను రోజులైంది. ఇంటి దగ్గర బీరమ్మకు తోడు ఆమె చెల్లెలు గోపమ్మ ఉంది. పని తక్కువ, నోరు ఎక్కువ అని ఊళ్ళో అనుకుంటారు గానీ, గోపమ్మ పని కూడా తక్కువేం కాదు.

"ఓ అక్కా, సీమదొర వచ్చిండు. కుర్చి యాడికెల్లి తేవాలె?" అంది గోపమ్మ.

"నులకమంచం సాలు చిన్నమ్మా," అన్నాడు ఐలేశం నవ్వే ప్రయత్నం చేస్తూ.

బీరమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు గడ్డం పట్టుకుంది. "గిదేంది రా, ఎండిపోయినవ్? తింటున్నవా లేదా?" అంటూనే జొన్నరొట్టె మీద పచ్చిపులుసు పోసి ఇచ్చింది. ఐలేశం నాలుగు ముద్దలు తిని పక్కన పెట్టాడు. గడియారం చూసుకున్నాడు. ఎనిమిది దాటింది.

కడియాలు దింపి, నూలు పట్టీల చుట్టలు మంచం మీద పెట్టాడు. "మూడున్నయమ్మా. పోయినసారి లెక్కనే మంచిగ చుట్టాలె," అన్నాడు.

ఆ మాట అన్న పాపానికి ఎన్నాళ్ళు కుమిలిపోతాడో అప్పటికి అతనికి తెలియదు.

బీరమ్మకు కొడుకు పని అంటే పండగ. గొంగడి పడుగును అక్కడే వదిలేసి ఒక పట్టీ చుట్ట విప్పింది. ఒక కొస గోపమ్మ పట్టుకుంది. రెండు గుంజల నడుమ పట్టీని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు సాగదీసి కట్టారు. తరవాత బీరమ్మ కుంచెను గంజి కుండలో ముంచి, పట్టీ మీద నిదానంగా, ఒక్క చుక్క కింద పడకుండా పూయడం మొదలుపెట్టింది.

"అమ్మా! గదేంది? గది ఉన్ని గాదు," అన్నాడు ఐలేశం.

"ఉన్ని గాదని నాకెర్కలేదా? నీ పట్టి వట్టిగ చుడ్తె జారుతాంది రా. రాగి నున్నగుంటది, ఇది మెత్తగుంటది, బిగువు నిలుస్తలేదు. గంజి వెట్టి ఎండల ఆరవెట్టి చుడ్తె కట్టె లెక్క నిలుస్తది."

"పోయినసారి గూడ గంజి వెట్టినవా?"

"వెట్టకుంట ఎట్ల చుడ్త? పదారుకు పదారు. ఇద్దరం గూసోని ఆరు దినాలు జేసినం. గోపిని అడుగు."

గోపమ్మ వేళ్ళు చాచి చూపించింది. "నా గోర్లన్ని గంజే. గా ఏడోది వంకర ఉండె గద అక్కా? దానికైతే రెండుమాట్లు వెట్టినం. నీ కొడుకు మిషన్ ఆగమైతదని అక్కకు ఒకటే ఫికర్."

ఐలేశం మంచం మీద కూర్చుండిపోయాడు.

ఏడోదానికి రెండుసార్లు. ఇంక అతనికి ఎవరూ ఏమీ విప్పి చెప్పనక్కర్లేదు. గంజి గాలిలో తేమను తాగుతుంది. ఎండలో కట్టెలా ఉన్న గొంగడే వాన వాసన తగిలితే మెత్తబడుతుందని చిన్నప్పుడు అది కప్పుకుని తిరిగినవాడికి తెలియదా? గంజి పట్టిన నూలు మీద వార్నిష్ పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేదు. పైగా ఆ ఏడాదే మొదటిసారి నందికొండ డ్యాం వెనకాల నీళ్ళు నిలిచాయి. జనం పూలూ పసుపూ చల్లి దండాలు పెట్టుకున్నారు. ఎప్పుడూ నిప్పులు చెరిగే ఆ కొండల నడుమ గాలి చెమ్మగా వీచింది. వార్నిష్ పూసేలోపే ఆ చెమ్మంతా ఏడో కడియం తాగింది. తరవాత దానిలోకి వేల వోల్టుల కరెంటు వదిలారు.

లెక్క తప్పు కాదు. అహ్మద్ అలీ తప్పూ కాదు.

అసలు ఈ కడియాలు తిరుమలగిరికి రావడమే దొంగదారిన జరిగింది. పట్టీ చుట్టే మిషన్ బయటిదేశం నుంచి రావాలి, అది రాలేదు. పెద్దలు వచ్చే తేదీ మాత్రం ముందుకు జరిగింది. ఒక్క అహ్మద్ అలీ పదహారు కడియాలు చుట్టలేడు. బయటివాళ్ళ చేత చేయించకూడదని నియమం. "మా అమ్మ చుడ్తది. రిజిస్టర్ల నువ్వే చుట్టినట్టు సంతకం వెట్టు," అన్నది ఐలేశమే. అహ్మద్ అలీ మారుమాట లేకుండా పెట్టాడు. అతని ఉర్దూ సంతకం చూడముచ్చటగా ఉండేది. తను వంచిన ప్రతి కడియం లోపలి అంచున కూడా దాన్ని సూదిమొనతో చెక్కేవాడు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది ఐలేశానికి. నాలుగు నెలలుగా గుర్తు రానివ్వకుండా తొక్కిపెట్టింది. పెద్దలు వచ్చే ముందు సాయంత్రం అహ్మద్ అలీ కడియాలకు మీటరు పెట్టి చూసి అతని దగ్గరికి వచ్చాడు. "భాయ్, ఏడోది నెమ్ము వట్టింది. ముల్లు సరిగ లేస్తలేదు. ఒక్క దినం ఆగుదం. విప్పి ఎండకు వెడ్త," అన్నాడు. "ఢిల్లీకెల్లి వచ్చినోల్లను ఒక్క దినం ఆగుమని నేను చెప్పాల్నా?" అని కసిరాడు ఐలేశం. విచారణ కాగితంలో ఆ సాయంత్రం ఊసే లేదు.

"ఏమైంది రా? మొఖం గట్ల వెట్టినవ్?" బీరమ్మ కుంచె పట్టుకుని నిలబడి అడిగింది.

"ఏం లేదమ్మా."

"నేనేమన్న తప్పు జేసిన్నా?"

"లేదంటున్న గద!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గట్టిగా అరిచాడు. బీరమ్మ కుంచెను కుండ అంచు మీద పెట్టింది. మంచం పక్కన నేల మీద కూర్చుని కొడుకు ముఖంలోకి చూస్తూ, "గందుకేనా?" అంది.

"ఏది?"

"అహ్మద్ నా నోరు మూయించింది గందుకేనా?"

ఐలేశం చటుక్కున తలెత్తాడు.

"దవాఖానకెల్లి సీదా గిక్కడికే వచ్చిండు. చేతికి ఇంత కట్టు. పానం తరుక్కుపోయింది నాకు. నేనే కలిపి తినవెట్టిన, చిన్నపోరనికి వెట్టినట్టు. తిన్నంక అన్నడు, అమ్మా, పట్టీలకు గంజి వెట్టినమని ఎవ్వరికి చెప్పకు, ఐలేశం భాయికి అసలే చెప్పకు అని. ఎందుకు బిడ్డా అంటె నవ్విండు. గంజి వెట్టుడు మిషనోల్ల కాయిదా గాదమ్మా, పద్ధతి గాదు, వినవడ్తె భాయిని కోపం జేస్తరు అన్నడు. నేను గంతే అనుకున్న. ఇయ్యాల నువ్వు మల్ల కడియాలు తెస్తివి. వట్టిగ చుడ్తె జారుతది, గంజి వెడ్తె అహ్మద్ చెప్పొద్దన్నడు. నువ్వు కండ్లార సూస్తాంటె వెడ్త, ఒద్దంటె నువ్వే అంటవని వెట్టిన."

"ఆయనకు అప్పటికే తెలిసిందన్నట్టు," అన్నాడు ఐలేశం. ఆ మాట పైకి వచ్చిందో లేదో తెలియనంత నీరసంగా.

అహ్మద్ అలీకి తెలుసు. దవాఖాన మంచం మీద పడుకుని కాలిన చేతిని చూసుకుంటూ, పేలినప్పుడు కొట్టిన మాడిన గంజి వాసనను తలుచుకుంటూ ఒక్కో ముడి విప్పుకుని ఉంటాడు. తెలిసి కూడా విచారణలో నోరు విప్పలేదు. విప్పితే బీరమ్మ పేరు బయటికి వస్తుంది, బీరమ్మ వెనకనే ఐలేశం పేరు వస్తుంది, ఆ వెనక మిషన్ మూతపడుతుంది. ఈ ఇంట్లో తిన్న ఉప్పుకు ఆ మనిషి అంత కట్టుబడ్డాడు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు మాత్రం అతని మీద కాగితం రాశాడు. ఐలేశానికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"నిన్న గూడ వచ్చిండు," అంది బీరమ్మ.

"ఎవరు? అహ్మదా? గీడికా?"

"నందికొండకు పోతున్న అమ్మా, దారిల నిన్ను సూడబుద్ధయింది అన్నడు. రాత్రి ఈడనే పండిండు. పొద్దుగాల కోడి కూయంగనే రాళ్ళ లారీ ఎక్కిండు. నువ్వే రమ్మన్నవట గద, ఏందో కాయితముందట. సంతకం వెట్టెతందుకు వేళ్ళు మలుగుతలేవట. వేలిముద్ర ఏస్త తియ్యమ్మా, ఏమైతది అన్నడు." కొంగుతో వేళ్ళకంటిన గంజి తుడుచుకుంది. "ఏం కాయితం రా అది?"

ఐలేశం పట్టీ చుట్టను చేతిలోకి తీసుకుని మళ్ళీ మంచం మీద పెట్టాడు.

"నాకు సదువు రాదు. నువ్వే సదివి చెప్పు. ఏం రాసినవ్ దాంట్ల?"

ఇరవై ఏళ్ళ చదువులో ఇంత కష్టమైన పరీక్షకు అతను ఎప్పుడూ కూర్చోలేదు. నేల చూస్తూ, ఇంగ్లీషులో తానే అందంగా కూర్చిన వాక్యాన్ని తల్లి భాషలోకి దించాడు. "కడియం చుట్టిన మనిషి అజాగ్రత్తతోని చుట్టిండు. గందుకే పేలింది. గట్ల రాసిన."

"చుట్టిన మనిషంటె?"

"అహ్మద్ అలీ."

బీరమ్మ గుంజకు కట్టిన పట్టీ వైపు చూసింది. గోపమ్మ పట్టీ కొస పట్టుకుని అట్లాగే నిలబడింది.

"చుట్టింది నేను గద రా," అంది బీరమ్మ.

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే ఐలేశం ఏదో ఒకటి ఎదురు చెప్పేవాడే. తల్లి అమాయకంగా, లెక్కలో పొరపాటు దిద్దినట్టు, ఉన్నమాట అంది.

"అజాగ్రత్త అంటివి," అందామె మళ్ళీ. "ఆరు దినాలు కండ్లు బెట్టుకోని చుట్టిన. నీ పనని గొంగల్లు గూడ పక్కకు వెట్టిన. నేను జేసింది తప్పయితె తప్పను. అజాగ్రత్త అనకు."

ఐలేశానికి సీమలోని ఒక రోజు గుర్తొచ్చింది. అక్కడ అతను పనిచేసిన చోట ఇంతకు పదింతల మిషన్ ఉండేది. అది సూర్యుణ్ణి పట్టేసిందని పత్రికలన్నీ రాశాయి. నాలుగు నెలలకు అది సూర్యుడు కాదని, కొలతలో పొరపాటని తేలింది. తెల్లవెంట్రుకల పెద్దాయన ఒకడు గదినిండా కూర్చున్న జనం ముందు లేచి నిలబడి, "మేం పొరబడ్డాం" అని కూర్చున్నాడు. ఆయన మీద ఆకాశం ఊడిపడలేదు. మర్నాడు మామూలుగానే పనికి వచ్చాడు. ఐలేశం ఆ రాత్రే ఇంటికి ఉత్తరం రాశాడు, శాస్త్రజ్ఞుడంటే ఇట్లా ఉండాలి బాపూ అని. గుర్వయ్య దాన్ని పోస్ట్‌మాన్ చేత రెండుసార్లు చదివించుకున్నాడట. ఆ ఉత్తరం ఇప్పటికీ ఈ ఇంట్లోనే ఎక్కడో చూరులో చెక్కి ఉంటుంది.

ఆ పెద్దాయనకు పొరబడ్డాననడానికి ఒక్క నిమిషం చాలింది. తనకు నాలుగు నెలలు చాలలేదు. ఏమన్నా అంటే తాను మిషన్ కోసమే చేశానని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. మిషన్ కోసం అబద్ధమాడితే అది అబద్ధం కాదన్నట్టు.

గడియారం చూశాడు. తొమ్మిదిన్నర.

"పోత అమ్మా. ఆయన వేలిముద్ర వెట్టకముందే పోవాలె."

"నేనొస్త," అంది బీరమ్మ.

"నువ్వెందుకు? నేను జూసుకుంట."

బీరమ్మ అప్పటికే గొంగడి భుజాన వేసుకుంది. గుంజకు కట్టిన పట్టీలో మూరెడు కత్తిరించి, తడిది తడిగానే కొంగులో ముడేసుకుంది. "గోపీ, పడుగు ఎండవోతది, సూడు," అని జీపెక్కి కూర్చుంది. ఆమె జీపెక్కడం అదే మొదటిసారి. ఏ వైపు కాలు పెట్టాలో తెలియక ఒకసారి తడబడింది గానీ, దిగమంటే దిగే వాలకం మాత్రం లేదు.

దారి సగం కంకర, సగం గుంతలు. ఐలేశం ఎంత తొందరపడితే జీపు అంత ఎగిరిపడింది. రాళ్ళ లారీలు రెండు అడ్డం వచ్చాయి. కొండ మలుపు దగ్గర నీళ్ళు కనబడ్డప్పుడు బీరమ్మ దండం పెట్టుకుంది. తరవాత చాలాసేపటికి అడిగింది.

"గాడున్నోల్లకు నేనెవరో ఎర్కనా?"

"ఎర్కలేదు."

"నన్ను గురించి ఎన్నడన్న చెప్పినవా?"

ఐలేశం గేరు మార్చే పనిలో ఉన్నట్టు నటించాడు. మా వాళ్ళకు వ్యవసాయం ఉంది అని చెప్పేవాడు ఎవరడిగినా. గొర్లూ, గొంగళ్ళూ అతని నోట ఎప్పుడూ రాలేదు. బీరమ్మ మళ్ళీ అడగలేదు. బయటికి చూస్తూ కూర్చుంది. అడిగి సాధించి ఉంటే అతని ప్రాణం కొంత తెరిపిన పడేది.

"అమ్మా, నువ్వు జీపులనే ఉండు. లోపలికి నేను పోయి చెప్త," అన్నాడు షెడ్డు కనబడగానే.

షెడ్డు వరండాలో బల్ల మీద అహ్మద్ అలీ కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల పైజామా, బొత్తాలన్నీ పెట్టుకున్న షేర్వానీ. కొలువులో చేరిన రోజున వేసుకున్నదే అది. కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు. జీపును చూసి లేచి నిలబడ్డాడు. ఐలేశం దిగి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"ఇయ్యాల రావన్నరు గద భాయ్?" అన్నాడు అహ్మద్ అలీ. అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఫికర్ జేయకు. పని అయిపోయింది. డైరెక్టర్ సాబ్ జర తొందరగ వచ్చిండు, పదిన్నరకే అయిపాయె. నీ రెండో మిషన్ ఇగ బరాబర్ వస్తది." ఎడమచెయ్యి చాపి చూపించాడు. బొటనవేలు నీలంగా ఉంది.

"అహ్మద్..." అన్నాడు ఐలేశం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అయిపోయింది అని విన్నప్పుడు ఐలేశం గుండె బద్దలైన మాట నిజం. దాని అడుగున, గింజంత, ఒక ఊరట కదిలిన మాట కూడా నిజం. ఇంక చేసేదేముంది, జరిగిపోయింది, వీణ్ణి ఎట్లాగైనా ఆదుకుందాం, మిషన్ అయితే నిలిచింది. అతని కాళ్ళు అక్కడే ఉండిపోయాయి. తన మనసులో కదిలిన దాన్ని తానే చూసి అతనికి రోత పుట్టింది. అయినా కాళ్ళు కదల్లేదు.

జీపు తలుపు చప్పుడైంది. బీరమ్మ దిగి వచ్చింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చినవ్?" అహ్మద్ అలీ ముఖంలో మొదటిసారి కంగారు కనబడింది. ఐలేశం వైపు చూసి, "ఆమెకు చెప్పినవా? ఎందుకు చెప్పినవ్ భాయ్? పానమంత బాధ వడ్తది," అన్నాడు.

బీరమ్మ అతని ఎడమచెయ్యి పట్టుకుంది. కొంగు చివరతో ఆ బొటనవేలును తుడిచింది. ఒకసారి, రెండుసార్లు. సిరా పోలేదు. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచింది. అహ్మద్ అలీ చిన్నపిల్లవాడిలా నిలబడ్డాడు.

"పోతలేదు బిడ్డా," అందామె. "ఆ కాయితం లోపలనే ఉన్నదా?"

"వొద్దమ్మా. నా మాటిను. అయిపోయింది."

బీరమ్మ అతని చెయ్యి వదిలి, చెప్పులు వరండాలో విడిచి, లోపలికి నడిచింది. ఆపుదామన్నట్టు అహ్మద్ అలీ జేబులోంచి కుడిచెయ్యి కూడా బయటికి తీశాడు. ముడుచుకుపోయిన ఆ వేళ్ళను చూశాక ఐలేశం కాళ్ళు కదిలాయి. తల్లి వెనకనే గడప దాకా పరుగెత్తాడు.

లోపల డైరెక్టరు రామచంద్రం కాగితాలు సర్దుకుంటున్నాడు. పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు టీ తాగుతున్నారు. బీరమ్మ తిన్నగా బల్ల దగ్గరికి పోయి, కొంగుముడి విప్పి, ఇంకా ఆరని ఆ మూరెడు పట్టీని వాళ్ళ టీకప్పుల నడుమ పెట్టింది. గది అంతా చింతగింజల గంజి వాసన కమ్ముకుంది.

"అయ్యా, గా కడియాలు చుట్టింది నేను. గంజి వెట్టింది నేను. అహ్మద్ వేలిముద్ర తీసేసి నాది ఏయించుకోండ్రి," అంది.

రామచంద్రం పట్టీని చూశాడు. గొంగడి కప్పుకుని, వట్టి కాళ్ళతో నిలబడ్డ ఆ మనిషిని కిందినుంచి పైదాకా చూశాడు. ఏమీ అర్థం కాక గడప దగ్గర రొప్పుతూ నిలబడ్డ ఐలేశం వైపు తిరిగాడు.

"ఏమిటయ్యా ఇది? ఎవరీవిడ?"

ఢిల్లీ వాళ్ళిద్దరూ కప్పులు కింద పెట్టి అతని వైపు చూశారు. వెనకనుంచి అహ్మద్ అలీ వచ్చి, వద్దన్నట్టు, అతని చెయ్యి పట్టుకున్నాడు. బీరమ్మ మాత్రం వెనక్కి తిరగలేదు. కొడుకు ఏం చెబుతాడో వినడానికి ఆమెకు ముఖం చూడనక్కర్లేదు.

ఐలేశం నోరు తెరిచాడు.